గంగరాజు ఒట్టు

కాకినాడలో ఈ కాలంలో ఏ టిఫిన్ కొట్టు ముందు నిలబడ్డా ఒక గొణుగుడు వినిపిస్తుంది. ప్లేటు చేతికి రాగానే నడివయసు దాటినవాళ్ళు తల కాస్త వంచి, చెవి వెనకున్న బుడిపెను తాకి, "ఒక పెసరట్టు, ఉప్మా లేదు" అనో, "ఒకే ఒక గారె" అనో చెప్పుకుంటారు. ఊరికి కొత్తవాడైతే దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నారనుకుంటాడు. దేవుడికి కాదు, ముందెరుకకి. ఉప్మా లేదన్నవాడి పెసరట్టులోంచి ఉప్మా తొంగి చూస్తూనే ఉంటుంది, అది వేరే సంగతి.

ముందెరుక అంటే పొట్ట చర్మం కింద అమర్చే కృత్రిమ క్లోమం. రోగి కణాలతోనే పెంచిన గ్రంథి, చిక్కుడు గింజంత ఉంటుంది. దానిలోని సెన్సర్ రక్తంలో చక్కెరను కనిపెడుతూనే ఉంటుంది గాని, చక్కెర పెరిగాక ఇన్సులిన్ వదిలితే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే. అందుకని తినబోయేది ముందే చెవి వెనక అమర్చిన బుడిపె తాకి దాని చెవిన వేయాలి. విన్న లెక్క ప్రకారం అది ముందే ఇన్సులిన్ వదులుతుంది. ఇందులో ఒక చిక్కుంది. ఒకసారి వదిలిన ఇన్సులిన్‌ని వెనక్కి లాక్కునే ఉపాయం ఇంకా ఎవరికీ దొరకలేదు.

దీన్ని తయారుచేసిన ఇద్దరిలో సుభాషిణి ఒకరు, డాక్టర్ ఖాదర్ రెండోవారు. మొదటి ఏడాది వాళ్ళకి నిద్ర లేదు. గ్రంథి బాగానే ఉంది, రోగుల చక్కెర మాత్రం దిగదు. చివరికి తేలిందేమిటంటే, అందరూ అబద్ధం చెబుతున్నారు. జడ్జీలు చెప్పారు, పంతుళ్ళు చెప్పారు, షుగరు డాక్టర్లు కూడా చెప్పారు. సూదికీ కత్తికీ భయపడని జనం నాలుగు ఇడ్లీలు తిన్నామని ఒక యంత్రంతో ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డారు.

"వీళ్ళని మార్చడం మన తరం కాదు మేడమ్. గ్రంథినే మారుద్దాం" అన్నాడు ఖాదర్.

సుభాషిణి మార్చింది. ఎవరు ఎంత తగ్గించి చెబుతారో గ్రంథి నెలల తరబడి గమనించి, ఆ మనిషి మాటను ఆ మేరకు పెంచుకుంటుంది. దీనికి దిద్దుబాటు గుణకం అని పేరు పెట్టారు. రోగులకి మాత్రం ఈ సంగతి చెప్పకూడదనుకున్నారు. చెబితే ఇంకా తగ్గించి చెబుతారని భయం. అప్పట్నుంచి ఊరందరి చక్కెరా దారికొచ్చింది. దారికి రానివాడు ఒక్కడే, ఆమె సొంత అన్న గంగరాజు.

గంగరాజుది కాజాల కొట్టు. మూడు తిని ఒకటని చెప్పే మనిషి, అందుకే అతని గుణకం మూడు. కాని కాలి కింద లేచిన పుండు ఎంతకీ మానడం లేదు. డాక్టరు సన్నటి నైలాన్ దారంతో పాదం గుచ్చి చూస్తే అతనికి తెలియనే లేదు. ఇలాగే ఉంటే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు సుభాషిణిని పక్కకి పిలిచి చెప్పాడు. ఆమె తిన్నగా కొట్టుకి వెళ్ళింది.

"పాకం చూసినప్పుడు చెప్తున్నావా అన్నయ్యా?" అని నిలదీసింది.

"అదేంటే, పాకం అన్నాక నాలిక్కి తగలాలి. తీగ పాకమో ముదురు పాకమో ఎలా తెలుద్ది మరి? రుచి చూడ్డం తినడం ఎందుకవుద్ది?"

అక్కడ దొరికింది గుట్టు. పొద్దున్నుంచి రాత్రిదాకా నాకే పాకం గురించి అతను ముందెరుకకి ఒక్క ముక్కా చెప్పలేదు. సున్నాని మూడుతో హెచ్చవేసినా సున్నాయే.

"నా తల మీద చెయ్యి పెట్టు" అంది సుభాషిణి.

గంగరాజు నవ్వబోయాడు. ఆమె కళ్ళు చూసి మానేశాడు. నెయ్యి వాసనేసే అరచెయ్యి చెల్లెలి తల మీద పెట్టి, "తిన్నది తిన్నట్టు చెప్తాను. కొట్లో తీపి ముట్టను. నీ మీద ఒట్టు" అన్నాడు.

సాయంత్రం ల్యాబులో ఖాదర్ ఆ మాట విని తలెత్తాడు. "నిజంగానే నిజం చెబితే కష్టం కదా మేడమ్. గ్రంథి మూడింతలు వదులుతుంది. గుణకం సంగతి ఆయనకి చెప్పారా?"

"మా అన్నయ్య ఒట్టు నీటి మీద రాత ఖాదర్ గారూ. చుట్ట మానతానని చిన్నప్పట్నుంచీ నా మీద ఒట్లేస్తూనే ఉన్నాడు. ఓ వారం చూసి చెబుదాం."

మర్నాడు పొద్దున గంగరాజు నాలుగు ఇడ్లీలు పెట్టించుకుని, బుడిపె తాకి, గొంతెత్తి మరీ "నాలుగు" అన్నాడు. గ్రంథి పన్నెండింటికి సరిపడా ఇన్సులిన్ వదిలింది.

కొట్లో పొయ్యి ముందు కూర్చోగానే ఒళ్ళంతా చెమట పట్టింది. పొయ్యి సెగ అనుకున్నాడు. చేతిలో గరిటె వణికింది. చెవి వెనక ముందెరుక, "వెంటనే తీపి తినండి" అంది. ఇన్నేళ్ళలో అది ఆ మాట అనడం అదే మొదలు. గంగరాజుకి నవ్వొచ్చింది. చెల్లి నాకు పరీక్ష పెడతంది, అనుకున్నాడు. అది మళ్ళీ మళ్ళీ చెప్పింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో గంగాళం నిండా పాకం ఉంది. అతను చూపు తిప్పుకుని, చూపుతోపాటే పక్కకి ఒరిగిపోయాడు.

కొట్టు కట్టేదీ తెరిచేదీ అతని భార్య మంగతాయారే. ఆమె పరుగున వచ్చి, ముదురు పాకం వేలితో తీసి అతని బుగ్గ లోపల రాస్తూ అంబులెన్సుకి ఫోను చేయించింది. ఆ పాకమే లేకపోతే ఏమయ్యేదో తలుచుకోవడం కూడా దండగ.

మధ్యాహ్నానికి ఆస్పత్రిలో గంగరాజు కళ్ళు తెరిచాడు. గ్లూకోజు సీసా కింద సుభాషిణి కూర్చుని ఉంది. ఆమెని చూసి గర్వంగా నవ్వాడు.

"ఎంత బతిమాలిందో నీ యంత్రం. ముట్టుకోలేదే. ఈసారి మాట తప్పలేదు."

సుభాషిణి బావురుమంది. ఏడుస్తూనే అంతా చెప్పింది, గుణకం, ఖాదర్ అడగడం, తను నీటి మీద రాత అనడం కూడా.

"యంత్రం నమ్మకపోతే నమ్మకపోయింది. నువ్వు కూడానా?" అన్నాడు గంగరాజు.

ఆమె తల దించుకుంది.

"పోనీ, దానికి నేర్పిందేదో తుడిచేసెయ్."

"అవి జీవకణాలు అన్నయ్యా, పలక కాదు తుడవడానికి. నెమ్మదిగా అదే మరచిపోవాలి. గ్రంథినే తీయించేద్దామంటే, చక్కెర పెరిగి ఆ పుండుతో కాలు దక్కదు."

మంగతాయారు ఇంటి నుంచి తెచ్చిన డబ్బా విప్పి మూడు ఇడ్లీలు పళ్ళెంలో పెట్టింది. గంగరాజు చెయ్యి అలవాటుగా చెవి వెనక్కి వెళ్ళి, తాకకుండానే ఆగింది.

"ఇప్పుడేం చెప్పమంటావ్?"

సుభాషిణి పళ్ళెంలో ఇడ్లీలు లెక్కపెట్టింది. "ఒకటి అని చెప్పు."

"ఎన్నాళ్ళు?"

"నువ్వు నిజం చెప్పేవాడివని అది నమ్మేదాకా."

"నేనిలా అబద్ధాలు చెబుతుంటే అదెప్పటికి నమ్ముద్దే?"

ఆమె చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ కూర్చుంది.

గంగరాజు ఆమె వైపు వంగి, "ముందు నీ తల మీది ఒట్టు తీసి గట్టున పెట్టు" అన్నాడు. చిన్నప్పుడు ఆటలో అన్న మాటే, ఇప్పుడు నవ్వకుండా అన్నాడు. సుభాషిణి తన తలని తాకి, లేని గట్టు మీద ఏదో పెట్టినట్టు మంచం అంచున చెయ్యి ఆనించింది.

అప్పుడు గంగరాజు బుడిపె తాకి, చెల్లెలి మొహం చూడకుండా, "ఒకటి" అన్నాడు. ముందెరుక మూడింటికి సరిపడా ఇన్సులిన్ వదిలింది.