కోటేశ్వరమ్మ పథ్యం

కోటేశ్వరమ్మ గొంతు వినపడందే ఆ వీధికి తెల్లారినట్టు కాదు. ఆ రోజు కూడా పాలు పోసే మనిషిని, గేదెను, ఇంకా లేవని కొడుకు వెంకటేష్‌ను వరసపెట్టి తిట్టి, ఆ తిట్లు నోట్లో ఉండగానే వేడినీళ్ళ బకెట్టు పట్టుకుని కోడలి గదిలోకి వచ్చింది. మంచం దగ్గరికి రాగానే ఆ గొంతే మెత్తబడింది.

"లేచావా మల్లీ? రాత్రి కాలు సలిపిందా?"

"లేదత్తయ్యా. బాగానే పట్టింది నిద్ర," అంది మల్లీశ్వరి.

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. కోటేశ్వరమ్మ గుడ్డ తడిపి కోడలి వీపు తుడిచి, పౌడర్ చల్లి, చెయ్యి ఆసరా ఇచ్చి మెల్లగా పక్కకు తిప్పింది. కల్లంలో మిరపకాయల టిక్కీ బస్తాలు ఎత్తుతుంటే ట్రాక్టర్ ట్రక్కు వెనక తలుపు ఊడి మల్లీశ్వరి కాలి మీద, మోకాలికి కిందుగా పడిన నాటి నుంచి అత్తకు ఇదే పని. ఎముక విరిగింది. దాని పక్కన చర్మం అరచేతి మేర లేచిపోయింది. నరసరావుపేట ఆసుపత్రిలో ఎముకను సర్ది, బయటి నుంచి కడ్డీలు బిగించి ఇంటికి పంపారు. గురజాల దగ్గరి ఆ పల్లెలో కోడలికి మలమూత్రాలు ఎత్తిన అత్తను అంతకు ముందు ఎవరూ చూడలేదు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటే, "నా కూతురికైతే ఎత్తనా?" అని వాళ్ళ వేలు వాళ్ళ చేతే తీయించింది.

ఒక్క తిండి దగ్గరే తిరకాసు. కాన్పయినా, కాలు విరిగినా ఊళ్ళో పథ్యం చెప్పేది కోటేశ్వరమ్మే. పప్పు తింటే చీము పడుతుంది. గుడ్డు వేడి. వంకాయ దురద. మాంసం సంగతి ఎత్తనే కూడదు. కాబట్టి మల్లీశ్వరికి రోజూ వెల్లుల్లి కారం, బీరకాయ కూర, చారు. ఇంత చేస్తున్న మనిషి మాట ఎలా కాదనాలో తెలియక మల్లీశ్వరి అదే తింటూ వచ్చింది.

ఆ పొద్దున కట్టు మార్చడానికి నర్సు ఆరోగ్యమ్మ వచ్చింది. ఎప్పటిలాగే కోటేశ్వరమ్మ మడమ కింద చెయ్యి పెట్టి కాలు ఎత్తి పట్టుకుంది. పట్టీ ఊడదీసి ఆరోగ్యమ్మ పెదవి విరిచింది. పుండు పాలిపోయి, ఎలా ఉన్నది అలాగే ఉంది. ఫోన్లో ఫోటో తీసి నరసరావుపేట డాక్టరుగారికి పంపింది. కాసేపటికి ఆవిడే ఫోన్ చేశారు.

"వచ్చే సోమవారానికి ఎర్ర కండ రాకపోతే గుంటూరు పంపాలి. తొడ మీద చర్మం తీసి అక్కడ వేయాల్సి వస్తుంది. చీము లేదు, షుగర్ లేదు, మరి ఎందుకు మానట్లేదు? అసలు ఏం తింటోంది?"

"అన్నీ తింటున్నానండీ," అంది మల్లీశ్వరి గబుక్కున.

గుమ్మంలో నిలబడ్డ వెంకటేష్‌కు ఆ గబుక్కున అనడమే అనుమానం పుట్టించింది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద మూతలు తీశాడు. బీరకాయ, చారు. కోడలి కాలు దిండు మీద దించి కోటేశ్వరమ్మ వెనకే వచ్చింది.

"అమ్మా, ఏంది ఇది? కట్టు కట్టిన కాడి నుంచీ ఇదేనా పెడుతున్నావు?"

"పచ్చి పుండు మీద ఇంకేం పెడతార్రా?"

"గుడ్డు పెడతారు. పప్పు పెడతారు. ఆసుపత్రిలో చెప్పి పంపలా? మేస్త్రీని పనికి పిలిచి ఇటుకలు తోలకపోతే గోడ ఎట్టా లేచిద్ది? నువ్వు దాన్ని పస్తు పెడుతున్నావమ్మా."

పస్తు అన్న మాటకు కోటేశ్వరమ్మ మొహం మాడిపోయింది. గిన్నెల మీద మూతలు పెట్టేసి గదిలోకి వచ్చింది. కొడుకూ వెంట వచ్చాడు.

"ఒరేయ్, మా అన్న కాలికి మేకు దిగితే మా వదిన మురిపెంగా పప్పన్నం పెట్టింది. చీము పట్టింది. మోకాలి దాకా తీసేశారు. ఆ కాలు పట్టుకుని ఏడ్చింది నేను, నువ్వు కాదు. నా కోడలికి అట్టా కానియ్యను."

అత్త పథ్యం వెనక ఇంత భయం ఉందని మల్లీశ్వరికి అప్పుడే తెలిసింది. ఆమె మీద జాలేసింది. తన కాలు చూసుకుంటే తన మీద కూడా జాలేసింది.

"మేకుకు ఉన్న తుప్పు, మట్టి లోపలికి పోయి చీము పట్టుంటది పెద్దమ్మా. పప్పు వల్ల కాదు," అంది ఆరోగ్యమ్మ.

"నువ్వు చూశావా?"

"అత్తయ్యా," అంది మల్లీశ్వరి. "మీరు చేసింది నా జన్మలో మరవను. కానీ ఇంకో చోట చర్మం కోయించుకోలేను. ఈ రోజు నుంచి నేను అన్నీ తింటా."

"తిను. నా చేత్తో మాత్రం వండను," అని కోటేశ్వరమ్మ బయటికి నడిచింది.

అలా వెంకటేష్ వంటకు దిగాడు. మొదటి రోజు గుడ్లు పగిలి నీళ్ళలో తేలాయి. పప్పు అడుగంటి ఇల్లంతా పొగ. మల్లీశ్వరి నోరెత్తకుండా తింది. కోటేశ్వరమ్మ వసారాలో కూర్చుని ఆ వాసనకు ముక్కు మూసుకుంది. కోడలితో మాట లేదు. కానీ వేడినీళ్ళ బకెట్టు మాత్రం వేళ తప్పలేదు. మొహం అటు తిప్పుకునే వీపు తుడిచింది, మొహం అటు తిప్పుకునే పక్క మార్చింది. అలిగిన మనిషి అంత జాగ్రత్తగా పౌడర్ చల్లడం మల్లీశ్వరి ఎక్కడా చూడలేదు.

మంచం మీద ఉన్న మల్లీశ్వరికి ఆలోచించడానికి తీరికే తీరిక. ఆరోగ్యమ్మ చెప్పిన మాటలు గుర్తు చేసుకునేది. విరిగిన చోట ముందు నెత్తురు గడ్డకడుతుందట. ఆ గడ్డ ఉన్న చోట మెత్తటి ఎముక పుట్టి, రెండు ముక్కలనూ చుట్టి పట్టుకుంటుందట. నెలలు గడిచేకొద్దీ అది గట్టిపడుతుందట. పైన పుండులోనేమో అడుగు నుంచి కండ పైకి లేస్తుంది, అంచుల నుంచి చర్మం లోపలికి పాకుతుంది. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా ఇంత పని తన ఒంట్లో జరుగుతోందంటే ఆమెకు ఒళ్ళు పులకరించేది. తను ఊరికే పడుకుని ఉన్నానని ఇన్నాళ్ళూ దిగులు పడింది. ఒళ్ళు మాత్రం ఊరుకోలేదు, ఉన్నదానితోనే పాటుపడింది.

సోమవారం వచ్చింది. ఆరోగ్యమ్మ సామాను విప్పేసరికి కోటేశ్వరమ్మ పిలవకుండానే వచ్చి మడమ కింద చెయ్యి పెట్టింది. పట్టీ చివరి పొర లేచింది. పుండంతా ఎర్రగా, గింజలు గింజలుగా పొంగి ఉంది. దూది తగిలిన చోట నెత్తురు ఊరింది.

"చూశావా? చూశావట్రా?" అంది కోటేశ్వరమ్మ. "చెప్పానా నేను? పాలిపోయి ఆరినట్టున్న పుండును మళ్ళీ పచ్చి చేసి పెట్టారు. దీని కాలు తీసేస్తారు ఇంక." కాలు వదలకుండానే భోరుమంది.

వెంకటేష్ మొహం తెల్లబోయింది. మల్లీశ్వరి కళ్ళు గట్టిగా మూసుకుంది.

ఆరోగ్యమ్మ నవ్వింది. "ఏడవమాక పెద్దమ్మా. ఈ ఎరుపు కోసమే గదా మనం కూర్చుంది. దానిమ్మ గింజల్లాగా లేదూ? ఇదంతా కొత్త కండ. దాంట్లో సన్నటి రక్తనాళాలు కొత్తగా పుట్టినయి, అందుకే తాకితే నెత్తురు. మొన్నటి తెలుపే చెడ్డది. ఇదిగో, అంచున చూడు, లేత చర్మం."

ఫోటో చూసిన డాక్టరుగారు గుంటూరు వెళ్ళక్కర్లేదన్నారు. వెంకటేష్ గోడకు చేరబడి కళ్ళు తుడుచుకున్నాడు. కోటేశ్వరమ్మ మాత్రం కోడలి కాలు మెల్లగా దిండు మీద పెట్టి, ఆ ఎరుపును చాలాసేపు చూసింది.

"అయితే ఇన్నాళ్ళూ మానకుండా ఆపింది నేనేనా?"

ఆరోగ్యమ్మ అంది, "తిండి కాడ తప్పు జరిగింది పెద్దమ్మా. కానీ ఇన్ని రోజులు మంచాన పడ్డ మనిషి వీపు మీద ఒక్క పుండు లేదు. నేను పోయే ఇళ్ళల్లో అట్టాంటి వీపు చూడలా. అది నీ చెయ్యి."

కోటేశ్వరమ్మ ఆ మెప్పు విననట్టే లేచి వంటింట్లోకి వెళ్ళింది. వంటకు రాబోయిన వెంకటేష్‌ను ఆపి తనే కందిపప్పు కడిగింది.

ఆ మధ్యాహ్నమే వీధి చివరి అబిదా వచ్చింది. ఆమె మొగుడు జహంగీర్ బండి మీద నుంచి పడితే మాచర్లలో చేతికి ఆపరేషన్ చేసి పంపారట.

"పెద్దమ్మా, పథ్యం ఏం పెట్టమంటావు? నువ్వు చెప్పిందే పెడదామని ఇంకా పొయ్యి ఎలిగించలా," అంది గుమ్మంలో నిలబడి.

గదిలో ఉన్న మల్లీశ్వరికి అంతా వినపడుతోంది. ఆసుపత్రిలో అడగమని చెప్పి పంపేస్తే సరిపోతుంది, అత్త పరువూ నిలుస్తుంది అనుకుంది.

"అబిదా, నువ్వు గుడ్డు పెట్టు. పప్పు పెట్టు. మాంసం దొరికితే మాంసం పెట్టు. డాక్టర్లు ఏదన్నా వద్దంటే అది మానుకో, అంతే," అంది కోటేశ్వరమ్మ.

అబిదా తికమక పడింది. "అదేంది పెద్దమ్మా, మా అత్తకు కాలు విరిగినప్పుడు నువ్వే గదా అన్నీ వద్దని..."

"చెప్పా. తప్పు చెప్పా. నా కోడలికి కూడా అట్టాగే పెట్టి దాని పుండు మాననీయలా. కొద్దిలో కోతకు పోయేది. నా మాట విని ఇంకెవరూ నోరు కట్టుకోమాకండి. ఎవరన్నా అడిగితే కోటేశ్వరమ్మే ఒప్పుకుందని చెప్పు."

మల్లీశ్వరికి కన్నీళ్ళు ఆగలేదు. ఎవరి ముందూ తల వంచని మనిషి, నడి గుమ్మంలో నిలబడి, తన తప్పు తనే ఊరికి చెప్పి పంపింది. కాసేపటికి కోటేశ్వరమ్మ పప్పన్నం కలిపిన కంచంతో లోపలికొచ్చింది.

"ఏందే ఏడుపు? కాలు సలుపుతోందా?"

"లేదత్తయ్యా." మల్లీశ్వరి కంచం అందుకుంటూ ఆమె చెయ్యి చూసింది. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఇన్నాళ్ళూ తన కాలు తప్ప ఇంకేమీ కనపడలేదు. "ఇంతగా చిక్కిపోయారేంది? మీరేం తింటున్నారు?"

కోటేశ్వరమ్మ కిటికీ వైపు తిరిగింది. "నువ్వు తిన్నదే."

"అంటే పప్పూ గుడ్డూ అన్నీ మీరూ మానేశారా?"

"నీకు పెట్టకుండా నా గొంతు దిగలా."

మల్లీశ్వరి మొదటి ముద్ద ఆమె నోటి దగ్గర పెట్టింది. కోటేశ్వరమ్మ వద్దని తల అడ్డంగా ఊపబోయి, కోడలి చెయ్యి పట్టుకుని తినేసింది. నమలలేక నమిలింది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఉప్పు తగ్గింది," అంది చివరికి.

"నాకు సరిపోయిందత్తయ్యా," అని మల్లీశ్వరి రెండో ముద్ద తను తింది.