టేకుతోటలో పెద్దకోడలు

“ఏవండీ, ఆ చెట్టుక్కూడా కాస్త ఎర్రరంగు పుయ్యండి,” అన్నాడు తోటవాళ్ళ అబ్బాయి విశ్వతేజ.

ఇందుజ కుంచె ఆపింది. ఎర్రరంగు పడిందంటే ఆ చెట్టు కొట్టేసేదని గుర్తు. చింతలపూడి చుట్టుపక్కల ఎకరం, రెండెకరాల టేకుతోటలున్న రైతులకి ఏ చెట్టు ఉంచాలో, ఏది తియ్యాలో చెప్పడానికి ఏలూరు నుంచి స్కూటీ మీద వస్తుందీ కొల్లేటి ఊరి పిల్ల. వంకరవీ బక్కవీ తీసేస్తే మిగిలినవాటికి ఎండ తగిలి లావెక్కుతాయి.

“తోట మొత్తానికి అంత నిటారైన చెట్టు లేదు. దాని మీద మీకేంటండీ కోపం?”

“కోపం కాదండీ. అది మా ఆవిడ.”

కుంచె మీది రంగు ఆమె చెప్పు మీద పడింది.

ఇందుజ చెట్టు దగ్గరకెళ్ళి చూసింది. మొదలు దగ్గర పసుపు, కుంకుమ. కాస్త పైన, బెరడులోకి సగం కూరుకుపోయిన తాళిబొట్టు.

విశ్వతేజ తలొంచుకుని చెప్పుకొచ్చాడు. అతని జాతకంలో మొదటి పెళ్ళి నిలవదని ఉందట. ముందు ఏ అరటిచెట్టుకో తాళి కట్టి, దాన్ని నరికేసి, ఆ తర్వాత పిల్లని చూడమన్నాడు సిద్ధాంతి. అరటిచెట్టు మన ఇంటికి తగిన సంబంధం కాదంది నాయనమ్మ అచ్చమ్మ. టేకుచెట్టుని చూసి ముహూర్తం పెట్టించింది. తీరా గొడ్డలి ఎత్తేసరికి చెట్టుని వాటేసుకుని, పారాణి ఆరకముందే పిల్లని చంపుతారా అని ఏడ్చింది. గొడ్డలి ఇంటికెళ్ళిపోయింది. కోడలు తోటలో ఉండిపోయింది.

“ఎవరు సంబంధానికొచ్చినా మా మామ్మ ఉన్న మాట చెప్పేస్తుందండీ. పెద్దకోడలు బతికే ఉంది, రెండో పెళ్ళికి ఇస్తారా అని.”

ఇందుజ నవ్వాపుకోడానికి రంగుడబ్బాలోకి చూసింది. విశ్వతేజ మునిగిపోయింది అక్కడే.

ఆ తర్వాత అతను ఊరికే ఫోన్లు చేసేవాడు. చెట్టుకి ఆకు రాలుతోందనేవాడు, పురుగు పట్టిందనేవాడు. ఆమె వచ్చి చూసేది.

“మీ ఆవిడ బాగానే ఉందండీ. మీరే చిక్కిపోయారు.”

ఒకరోజు జోరున వాన. టేకాకుల మీద డప్పు కొట్టినట్టు పడుతోంది. ఆ ఆకుల కిందే ఇద్దరూ నిలబడ్డారు.

“దీన్ని కొట్టించండి. మిమ్మల్ని ఒక మాట అడగాలి.”

“ఇప్పుడే అడగొచ్చుగా?”

“పెళ్ళైనవాణ్ణండీ. ఎలా అడగను?”

“మీ మాట కోసం బంగారంలాంటి చెట్టుని కొట్టమని నేను చెప్పలేను,” అంది ఇందుజ. చెప్పింది గట్టిగానే. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

“ఎవరది, మా కోడలి దగ్గర?”

గొడుగు కింద అచ్చమ్మ. వెనకాల ఆమె కొడుకు, విశ్వతేజ తండ్రి బాపిరాజు, తడుస్తూ.

“నువ్వా! కొల్లేట్లో చేపల మధ్య పెరిగిన పిల్లవి, చెట్ల సంగతి నీకేం తెలుసమ్మా? మా కోడలి జోలికొచ్చావో!”

“దాన్ని నేనూ కొట్టనివ్వనండీ మామ్మగారూ. ఒక్కటి చెప్పండి. ఈ మొక్క నాటిందెవరు?”

“మా బాపిరాజు.”

“నీళ్ళు?”

“నేనేనమ్మా,” అన్నాడు బాపిరాజు. “కావిడితో మోసి పోశాను. కన్నకూతుర్లా పెంచాను.”

“అయితే ఇది మీ కూతురు. ఈయన మీ కొడుకు. అన్నకి చెల్లెల్నిచ్చి ఎలా చేశారండీ?”



అచ్చమ్మ చెంపలు వాయించుకుంది. “రామరామ! ఒరే బాపిరాజూ, తండ్రివి, నీకైనా తోచలేదుట్రా?”

“నేను వంటల దగ్గరున్నానే అమ్మా!”

“ఈ పెళ్ళి చెల్లదు,” అని తేల్చేసింది అచ్చమ్మ.

“మరి జాతకం?” అన్నాడు బాపిరాజు.

“మొదటి పెళ్ళి నిలవదన్నారు. నిలవలేదుగా!” అంది ఇందుజ.

విశ్వతేజ తడిసి ముద్దైన బ్రహ్మచారిగా నిలబడ్డాడు.

“ఇప్పుడైనా అడగరేం?”

“మీకు... నేనంటే...”

“ఇష్టమేనండీ. అత్తారింట్లో నోరు లేని ఆడపడుచు ఎవరికి దొరుకుతుంది?”

“ఆగండాగండి!” అచ్చమ్మ గొడుగు అడ్డం పెట్టింది. “పెళ్ళీడు ఆడపిల్ల ఇంట్లో ఉండగా వీడికేం తొందర?”

విశ్వతేజకి ఏడుపొక్కటే తక్కువ. ఇందుజ మాత్రం తాపీగా గట్టవతలకి చెయ్యి చూపించింది.

“వీర్రాజుగారి తోటలో మంచి కుర్రాడున్నాడండీ. నిటారుగా ఉంటాడు, ఏ పురుగూ లేదు. నేనే చూస్తుంటాను.”

అచ్చమ్మ కళ్ళు చికిలించి అటు చూసింది.

“మనవాళ్ళేనా?”

“టేకేనండీ.”

“అయితే సరే,” అంది అచ్చమ్మ. “రెండు పెళ్ళిళ్ళూ ఒకే పందిట్లో చేసేద్దాం.”