నాలుగు ఆంపియర్లు

“పాప బరువు కిలోంబావు. దానికొచ్చిన ముప్పు మాత్రం దేశమంత,” అన్నాడు బాస్, ఫైల్ మూసేస్తూ. “తల్లి మన ఆఫీసులో రహస్య సందేశాలు చూసే కోడ్ గుమాస్తా. సరిగ్గా పదకొండింటికి కోర్టులో విదేశీ ముఠా పేర్లన్నీ బయటపెడుతుంది. నోరు విప్పితే పాప ఉండదని వాళ్ల బెదిరింపు. పాప క్షేమమని నువ్వు కోడ్ పంపితేనే ఆమె బోనెక్కుతుంది. ‘తువ్వాలు ఆరింది.’ గుర్తుంటుందా?”

“ఆరకపోతే సర్?”

“అలాంటి మాటలు అనకమ్మా.”

ఏజెంట్ టెస్టర్ అనకుండా ఉండగలదు గానీ, అనుకోకుండా ఉండలేదు. ఇంట్లో కూతురు రెండుసార్లు తుమ్మితే న్యుమోనియా దాకా వెళ్లిపోయే మనసు ఆమెది.

పది యాభైకల్లా ఎలక్ట్రీషియన్ వేషంలో ఆస్పత్రి మూడో అంతస్తు చేరింది. నెలలు నిండకుండా పుట్టిన గుప్పెడంత పాప. పైన హీటర్. డిస్‌ప్లే మీద ముప్ఫై ఆరున్నర డిగ్రీలు. అంతా సవ్యంగానే ఉంది. అదే ఆమెకు నచ్చలేదు.

పక్కనే నర్సు వేషంలో నెమలి. వారం నుంచి పాపకు కాపలా ఉన్న మన ఏజెంట్. మాస్కు వేసుకున్నా అందం దాగలేదు.

“వచ్చావా అక్కా? ఇక్కడ ఈగ కూడా వాలలేదు.”

టెస్టర్ చేతి గాజు తీసింది. అది గాజు కాదు, వైరులో కరెంట్ కొలిచే క్లాంప్ మీటర్. హీటర్‌కు వెళ్లే రెండు వైర్లలో ఒకదాని చుట్టూ బిగించింది. నాలుగు ఆంపియర్లు! సాకెట్‌లో వోల్టేజ్ 230.

హీటర్ మీది రేకుపై 460 వాట్లని ఉంది. అంటే రెండు ఆంపియర్లే లాగాలి. అరచేతిలో రాసుకుంది. 230ని 2తో భాగిస్తే 115 ఓములు. 4తో భాగిస్తే యాభై ఏడున్నర.

“కాయిల్ మార్చేశారే! రెసిస్టెన్స్ సగమైంది.”

“అయ్యో, అయితే వేడీ సగమేగా?” నెమలి గొంతు తేనెలా ఉంది. “పిల్ల చలికి పోతుందక్కా. నాబ్ ఫుల్ పెట్టు, త్వరగా!”

నిజమేననిపించింది. చెయ్యి నాబ్ దాకా వెళ్లి ఆగింది. చలేస్తోందా? కాలిపోతోందా? ఏది తప్పినా మళ్లీ దిద్దుకునేది కాదు. టైము పది యాభై ఆరు.

మళ్లీ అరచేతిలోనే గుణించింది. వోల్టేజ్ ఇంటూ కరెంట్. 230 ఇంటూ 4. తొమ్మిదొందల ఇరవై! సగం కాదు, రెట్టింపు. వోల్టేజ్ అలాగే ఉండి రెసిస్టెన్స్ తగ్గితే, కరెంట్ పెరిగి వేడి ఎక్కువవుతుంది. కదలని ఆ డిస్‌ప్లే అబద్ధం. పాప ఒళ్లు ఎర్రబడింది. ఏడవడం కూడా మానేసింది.

ప్లగ్ పీకేసింది.

“ఆ లెక్క నీకెందుకే!” నెమలి కోటులోంచి పిస్టల్ బయటికొచ్చింది. ఈ వారమంతా ఆమె కాసిన కాపలా ముఠా కోసమే.

టెస్టర్ ఒక చేత్తో పాపను లాక్కుని, రెండో చేత్తో ఇంకా కాలుతున్న హీటర్‌ను గిర్రున తిప్పింది. అది నెమలి మణికట్టును కాల్చింది. పిస్టల్ కింద పడింది. కేకకు గార్డులు లోపలికొచ్చి పడ్డారు.

ఇప్పుడు హీటర్ లేదు. పిల్ల చల్లబడితే? యూనిఫారం గుండీలు విప్పి, పాపను గుండెకు అదుముకుంది. పది యాభై ఎనిమిది. ఉలుకూ పలుకూ లేదు. యాభై తొమ్మిది. ఒక సన్నటి ఏడుపు.

“తువ్వాలు ఆరింది,” అంది ఫోన్‌లో. గొంతు మాత్రం తడిగానే ఉంది.

డాక్టర్ పరుగున వచ్చి పాపను చూశాడు. “వేరే హీటర్ తెస్తున్నారు. అప్పటిదాకా ఇలాగే ఉంచండి,” అన్నాడు.

అరగంటకు బాస్ ఫోన్. “పేర్లన్నీ చెప్పేసింది! శభాష్! వెంటనే ఆఫీసుకు రా, రిపోర్ట్ రాయాలి.”

“రాలేను సర్,” గుసగుసగా అంది టెస్టర్. “ఇప్పుడే పడుకుంది. మీరూ కాస్త మెల్లగా మాట్లాడండి.”