తడి ఏ వైపు

ఆ సెల్లార్ నేల దేన్నీ కప్పుకోనివ్వదని మా వీధిలో చెప్పుకునేవారు. తివాచీ పరిస్తే బూజు పట్టింది. చెక్క వేస్తే ఉబ్బి లేచింది. టైల్స్ అంటారా, ఒక్కొక్కటే ఊడొచ్చాయి. కింద ఎవరినో పూడ్చారట... కప్పితే వాళ్లకి ఊపిరాడదట!

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు గానీ మా తమ్ముడి మీద ఉంది. నేలలు వేసే పని వాడిది. చచ్చినా అబద్ధం చెప్పలేడు, చెప్పబోతే నత్తి వచ్చేస్తుంది వెధవకి. వాడు చెప్పిందే మీకు చెబుతున్నా.

బట్టలు కుట్టే ఆవిడ ఒకతె ఆ సెల్లార్ తీసుకుంది. ఒక్కతే కూతురు, దానికి ఉబ్బసం. కాస్త చెమ్మ తగిలితే చాలు, పిల్లికూతలు మొదలు. పాత ఇల్లు ఖాళీ చేసేసింది, సామానంతా మెట్ల మీదే ఉంది.

"అన్నా, పది కాలాలపాటు ఉండేది వెయ్యి. పిల్లకి చెమ్మ తగలకూడదు," అంది మావాడితో.

"ముందు తడి ఎక్కడిదో తేలాలి చెల్లెమ్మా."

దానికో పద్ధతుంది. నేల మీద ప్లాస్టిక్ కాగితం పరిచి నాలుగు అంచులూ టేపుతో అంటిస్తారు. తెల్లారాక కాగితం అడుగున చెమ్మ ఉంటే అది నేలలోది. పైన ఉంటే గదిలోది. ఇందులో దెయ్యానికి చోటెక్కడ?

తమ్ముడే అంటించాడు. తాళం వేసి చెవి జేబులో వేసుకున్నాడు. ఆ రాత్రి తల్లీకూతుళ్లు మా ఇంట్లోనే పడుకున్నారు. పిల్ల ఒక్కసారి కూడా దగ్గలేదు.

పొద్దున్నే వీడూ ఆవిడా కిందికి దిగారు... లైటు వేశారు... టేపు ఊడదీసి అంచు ఎత్తారు.

అడుగున చుక్క లేదు.

"హమ్మయ్య!" అందిట ఆవిడ.

వీడు మాత్రం కాగితం పైవైపే చూస్తున్నాడు. పైనంతా చెమ్మ. దాని మధ్యలో రెండు గుండ్రటి పొడి మచ్చలు — వాటి ముందు రెండు అరచేతుల అచ్చులు... ఎవరో మోకాళ్ల మీద వంగి, రాత్రంతా అక్కడే ఊపిరి వదిలినట్టు.

"అన్నా... ఏంటిది?"

"గ... గాలాడక, చెల్లెమ్మా. కి... కిటికీ తెరిస్తే పోతుంది."

"మరి ఏం వేయించుకోమంటావ్?"

"ఏదైనా ఒకటే."

ఇంటికొచ్చి ఇదంతా చెప్పగానే వాడి మీద గయ్యిమన్నాను. "వద్దని చెప్పలేకపోయావురా?"

"వద్దని ఎక్కడికి పొమ్మనను అక్కా?" అన్నాడు, తల దించుకుని. మా ఇంట్లో ఉండమంటే ఆవిడ ఒప్పుకోలేదు. ఎన్నాళ్లని ఉంటాం అక్కా, అంది. నేలకి అంటించే మందపాటి షీటు వేయించుకుని ఆ సాయంత్రమే దిగిపోయింది.

ఆ షీటు ఈరోజుకీ చెక్కు చెదరలేదు. బూజూ లేదు, ఉబ్బూ లేదు. కానీ రోజూ పొద్దున్నే ఆవిడ పిల్ల దుప్పటి తెచ్చి తీగ మీద ఆరేస్తుంది. చూసి చూసి ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పిల్ల పక్క తడుపుతోందా ఏంటమ్మా?"

"లేదక్కా," అంది, నా వంక చూడకుండా. "పక్క పొడిగానే ఉంటుంది... దుప్పటి పైవైపే తడి."