ఒకే తలుపు, ఐదు కంపెనీలు

"మీ అప్లికేషన్ మళ్ళీ రిజెక్ట్ అయింది" అంది కౌంటర్ వెనకున్న అమ్మాయి, కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండా.

ఇది మూడోసారి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి వాళ్ళు వీల్‌చెయిర్ల రిపేరు పని నాకిస్తామన్నారు. కానీ నెలాఖరులోగా నాకో రిజిస్టర్డ్ కంపెనీ ఉండాలట. ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఈవిడేమో కొత్త కంపెనీల్ని పరిశీలించే అధికారిణి. ఈవిడ ఊ అంటే తప్ప ఏ కంపెనీ పుట్టదు.

"ఈసారి ఏం తప్పు దొరికిందండీ?"

"మీ అడ్రస్‌లో ఇప్పటికే నాలుగు కంపెనీలున్నాయి. నాలుగూ జనాన్ని ముంచి మాయమయ్యాయి. మీది ఐదోది."

"అది మా నాన్న పెట్టిన సైకిల్ షాపండీ. నేనూ నా స్టూలూ పడితే గాలికి కూడా చోటుండదు. నాలుగు కంపెనీలు ఎక్కడ కూర్చుంటాయి?"

"నేనడిగేదీ అదే" అంటూ అప్పుడు తలెత్తింది. కళ్ళు బాగున్నాయి. దాంతో నా కోపం ఇంకాస్త పెరిగింది.

మర్నాడు తనిఖీకి షాపుకే వచ్చింది. టేపు పెట్టి గది కొలిచింది. తలుపులు లెక్కపెట్టింది. ఉన్నదే ఒక్క తలుపు.

"బోర్డు కింద నిలబడండి, ఫొటో తియ్యాలి."

"నవ్వాలని కూడా రూల్ ఉందా?"

"లేదు. నేను చూసిన దొంగలంతా బాగా నవ్వేవాళ్ళే. మీరిలాగే ఉండండి."

ఫొటో తీశాక, రిపేరుకొచ్చిన వీల్‌చెయిర్‌లో కూర్చుని షాపు ముందు వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. "కుడి చక్రం పట్టేస్తోంది" అంది. నిజమే, దాన్ని నేనింకా విప్పలేదు.

తర్వాత ఆ నాలుగు కంపెనీల కాగితాలు నా ముందు పెట్టింది. అన్నిటికీ మా షాపు కరెంటు బిల్లే జత చేశారు. మూలన మా అమ్మ చేత్తో రాసిన పాలవాడి ఫోన్ నంబరు.

ఆ బిల్లు ఇచ్చింది నేనే. రెండేళ్ళ కిందట మా బావ నాకు కంపెనీ పెట్టిస్తానన్నాడు. రిజిస్ట్రేషన్ల ఏజెంటు, పైగా అక్క మొగుడు. బిల్లుతో పాటు ఆయన చూపించిన చోటల్లా చదవకుండా సంతకాలు కూడా పెట్టేశాను.

ఆ సాయంత్రమే వెళ్ళి నిలదీశాను.

"ఒక్క కాగితానికి ఇంత రాద్ధాంతమేంటి బామ్మర్దీ? ఇంటివాళ్ళం" అన్నాడు బావ.

నేను చెయ్యెత్తేవాణ్ణే. అంతలో అక్క మధ్యలోకొచ్చింది. "రేపు మీరే వెళ్ళి నిజం రాసిస్తారా, నన్ను వెళ్ళి రాసిమ్మంటారా?" అందాయనతో. బావ రాసిచ్చాడు. ఆయన మీద కేసూ పెట్టారు.

ఆ తర్వాత ఆ అధికారిణి నాకు రోజూ ఫోన్ చేసేది. ఏదో కాగితం గురించి మొదలై, అన్నం తిన్నారా దాకా వచ్చేది.

నెలాఖరుకి రెండు రోజులున్నాయనగా ఆఫీసు అటెండర్ చెప్పాడు, నా ఫైలు చూడనని ఆమె పై అధికారికి పంపేసిందట. నేను నేరుగా ఆమె టేబుల్ దగ్గరికి వెళ్ళాను.

"ఇన్నాళ్ళూ మంచిగా మాట్లాడి చివర్లో చేతులు దులుపుకుంటారా? మీకది ఫైలు. నాకది బతుకు."

"అరవడం అయిందా? చదవకుండా సంతకాలు పెట్టారు, ఇప్పుడు చదవకుండా అరుస్తున్నారు" అంటూ ఫైలు నా ముందుకి తోసింది.

"దరఖాస్తుదారు నాకు కావలసినవారు. నిబంధనల ప్రకారం ఈ ఫైలును నేను పరిశీలించరాదు." కింద ఆమె సంతకం. వెనక పేజీలో పై అధికారి ఇచ్చిన నా కంపెనీ రిజిస్ట్రేషన్.

రెండుసార్లు చదివాను. అరవడానికి ఏమీ మిగల్లేదు.

"దరఖాస్తుదారుతో బంధుత్వం అన్న గడి ఖాళీగా ఉంది" అన్నాను మెల్లగా.

"దాన్ని పూర్తిచేసి పంపమన్నారు. ఆదివారం మా నాన్న మీ అమ్మగారితో మాట్లాడ్డానికి వస్తున్నారు. ముందు షాపు చూస్తారట. బోర్డు కింద నిలబడండి. నవ్వకండి."

అప్పటికే నవ్వేశాను, అచ్చం దొంగలాగే.