పిట్ దారిలో మనిషి

రమీజా చెయ్యెత్తగానే టైర్లు మోసుకొస్తున్న బండి గేటు దగ్గర ఆగింది. ఆపింది ఆమె చెయ్యి కాదు, నెమ్మది. పిట్‌లో తిరిగే ఏ బండినీ మనిషి నడక వేగం దాటనివ్వని యంత్రబుద్ధి పేరు అది. చక్రం మీది ముద్ర చదివి, రుసుము అందిందని తేల్చుకున్నాకే దారి వదిలింది.

ఒకప్పుడు ఈ డ్రాగ్ ట్రాక్‌లో పందెం కార్లను సిద్ధం చేసే ఈ పిట్‌లో బండ్ల కింద పడి మనుషులు పోయారు. నెమ్మది వచ్చాక ఎవరికీ గోరంత గాయం కాలేదు. అందుకే రమీజాకు తన గేటు ఉద్యోగమంటే గౌరవం.

రుసుము కట్టని బండికి ఉన్నచోటే చక్రాలు బిగుసుకుంటాయి. ఆ మధ్యాహ్నం, పరుగు ముగించిన కార్లు తిరిగొచ్చే దారిలో బిగుసుకున్నది కుళ్లాయమ్మ కుర్చీ.

ఇదే ట్రాక్ మీద కారు తోలి పేరు తెచ్చుకున్న మనిషి కుళ్లాయమ్మ. నడుము విరిగాక మోటారు కుర్చీలో తిరుగుతూ కూతురి జట్టును నడుపుతోంది. మోటారున్న ప్రతిదీ బండే అని యాజమాన్యం ఈ ఏడు కొత్త నిబంధన పెట్టింది. చేతిలో డబ్బున్నా ఆమె కట్టనంది.

రమీజా పరుగెత్తుకెళ్లేసరికి తారు సెగలు కక్కుతోంది. కూతురు ఎత్తుకుంటానన్నా కుళ్లాయమ్మ ఒప్పుకోలేదు. రుసుము తాను కడతానంది రమీజా.

"నువ్వు కట్టినా నా కాళ్లకు బాడుగ ఒప్పుకున్నట్టే గదమ్మా," అంది కుళ్లాయమ్మ. "నడిచేటోళ్లు ఎవరన్నా కాళ్లకు కడతాండారా?"

మేనేజర్ సుదర్శన్ రమీజా చెవిలోని ఫోనులో పలికాడు. కుర్చీని సామాను కింద నమోదు చేస్తే క్రేను వచ్చి ఎత్తుకుపోతుందన్నాడు. తర్వాతి పరుగుకు ఆలస్యమవుతోందని విసుక్కున్నాడు.

రమీజా మణికట్టు పలక వెలిగింది. అడ్డంకి ఏది? బండి, సామాను, మనిషి.

మూడోది ఎవరూ నొక్కరు. కదలలేని మనిషి దారిలో ఉంటే, ఆ మనిషి తనంతట తాను తొలగేదాకా ట్రాక్ మీద ఏదీ కదలకూడదు. ఆ చావుల తర్వాత నెమ్మదికి నేర్పిన మొదటి నియమం అది. నొక్కితే ఉద్యోగం ఉండదని రమీజాకు తెలుసు. అయినా మూడోదే నొక్కింది.

ప్రారంభ దీపాలు ఆరిపోయాయి. గర్జిస్తున్న ఇంజన్లు ఒక్కొక్కటిగా మూగబోయాయి. పిట్‌లో బండ్లన్నీ నిలిచిపోయాయి. ఆగిన వాటిలో సుదర్శన్ బండి కూడా ఉంది. అతను చెమటలు కక్కుతూ నడిచొచ్చాడు.

అతను వచ్చేసరికి కుర్చీ చక్రాలు టక్కుమని వదులయ్యాయి. మనిషిని తొలగనివ్వాలంటే నెమ్మదికి వేరే దారి లేకపోయింది.

"వదిలేసింది కదమ్మా, ఇక బయల్దేరండి," అన్నాడు సుదర్శన్.

కుళ్లాయమ్మ చెయ్యి మీట దాకా వెళ్లి వెనక్కొచ్చింది.

"ఇది బండా, కాదా? అది జెప్పు సార్. పోతా."

సుదర్శన్ రమీజా వైపు తిరిగాడు. మనిషి అన్న ఆ నమోదు మార్చమని గట్టిగా చెప్పాడు. ఆపిన కార్లలోంచి డ్రైవర్లు దిగి ఇటే నడిచొస్తున్నారు. రమీజా పలకను అరచేత్తో మూసింది.

"మనిషి ఇంకా దావలోనే ఉంది సార్," అంది.