రెండు ట్రేలూ పచ్చగానే

ఆ ఉదయం వెనక వరండాలో రెండు ట్రేలూ పచ్చగా ఉన్నాయి. అది చూసి తల్లి గుండె గుభేలుమంది. పచ్చటి మొలకల్ని చూసి భయపడే మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే.

విత్తన పరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు, ఆవుల మేతకి వేసే అలసంద గింజల్ని రెండు ట్రేలలో పొలం మట్టి పోసి నాటింది. ఒకదానికి మంచినీళ్ళు, రెండోదానికి తండ్రి పట్టుబట్టి వేయించిన కొత్త బోరు నీళ్ళు. ఆ నీళ్ళు ఉప్పని కూతురు, కాదని తండ్రి; బోరు వచ్చినప్పటి నుంచీ తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. అన్నం కూడా చెరో వేళకి తింటున్నారు.

కూతురు వంగి చూసింది.

"నమ్మలేకపోతున్నాను. ఉప్పు నేలలో గింజ నీళ్ళు పీల్చుకోలేదు. మొలిచినా వేరు సాగదు, ఆకు అంచులు మాడతాయి. వీటికేమీ కాలేదే! నువ్వే గెలిచావు నాన్నా. విత్తేసుకో."

"నేను చెప్పలా? నా బోరు నీళ్ళు అమృతం!"

తండ్రి మొహం వెలిగిపోయింది. ఇంట్లో ఉన్న ఒక్క విత్తనాల మూటా భుజానికెత్తుకున్నాడు. అది నేలపాలైతే మళ్ళీ గింజ లేదు. మేత రాకపోతే పాకలో ఆవులుండవు.

ఇద్దరూ పొలానికి బయలుదేరారు. వాళ్ళిద్దరూ కబుర్లాడుకుంటూ నడవడం చూసి ఎంత కాలమైందో! తల్లి కళ్ళు చెమర్చాయి. వాళ్ళ వెనకే నడిచింది.

పొలం గట్టు మీద ఆవు గడ్డి వదిలేసి నేలని నాకుతోంది. బోరు కాలువ పొడుగునా మట్టి మీద తెల్లటి పొర.

"చూశావా, దీనికీ నా నేలంటే ఎంత ముద్దో!" అన్నాడు తండ్రి, మూట విప్పుతూ.

కూతురు నవ్వలేదు. ఆ తెల్ల పొరని వేలితో గీకి చూసింది. తండ్రి అప్పటికే దోసిలి నింపుకున్నాడు.

"ఏమండీ, చల్లకండి!" తల్లి పరుగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకుంది. "అమ్మాయి బోరు నీళ్ళు పోసి వెళ్ళగానే, నేను ఆ ట్రేలో బిందెడు మంచినీళ్ళు పోసేదాన్ని. అడుగు చిల్లుల్లోంచి ఉప్పంతా కారిపోయేదాకా."

"అమ్మా! ఎందుకే?"

"మీరిద్దరూ మళ్ళీ ఒకచోట కూర్చుని తింటారని." ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

"బుద్ధుందా నీకు?" అని గద్దించబోయి, తండ్రి ఆ తెల్ల నేల వంక చూసి ఆగిపోయాడు.

"ఉప్పని నాకూ తెలుసే. మొదటి గుక్కలోనే తెలిసింది. చెప్పడానికే నోరు రాలేదు. ఆ మొలకలు చూశాక పండుతుందేమో అనుకున్నాను."

కూతురు ఒక్క మాట కూడా దెప్పలేదు. మూట మూతి తెరిచి పట్టుకుంది. తండ్రి దోసిలి అందులో ఒంపి, అరచేతికి అంటుకున్న గింజల్ని కూడా దులిపాడు. గట్టు మీద ఆవు ఇంకా నేల నాకుతూనే ఉంది.

"ఇప్పుడేం చేద్దాం, అమ్మడూ?"

ఆయన కూతురి సలహా అడగడం అదే మొదటిసారి.

"ముందు ఇంటికెళ్ళి అన్నం తిందాం నాన్నా. ముగ్గురం."